కలకత్తా ట్రాములో బాబాయితో ఐదు రోజులు

1986 వేసవిలో నాకు తొమ్మిదేళ్లు. ఖరగ్‌పూర్‌లో ఉండే మా బాబాయి ఒకరోజు నన్ను లోకల్ రైల్లో కలకత్తా తీసుకెళ్లి, హౌరా స్టేషన్ బయట ట్రాము ఎక్కించాడు. రోడ్డు మీద వేసిన పట్టాలపై కరెంటుతో నడిచే బండి. అది మమ్మల్ని హౌరా బ్రిడ్జి మీదుగా నది దాటించింది. కిటికీలోంచి చూస్తే కింద పడవలు, పైన ఇనుప దూలాలు. ఆ రోజు ఇంకేం చూశామో మరిచిపోయాను గానీ, టంగు టంగుమనే ఆ గంట, ఊగుతూ పోయే ఆ నడక మాత్రం మనసులో ఉండిపోయాయి. ఊరి పేరు కోల్‌కతాగా మారి ఇన్నేళ్లయినా మా ఇంట్లో కలకత్తాయే.

2022 చివర్లో బాబాయి ఫోన్ చేశాడు. "రూట్లు ఒక్కొక్కటే మూసేస్తున్నారు అమ్మలూ. చూడాలనుంటే ఇప్పుడే రా. తర్వాత నేనున్నా అవుండవు" అన్నాడు. డెబ్భై ఆరేళ్ల మనిషి అలా అన్నాక ఇంకేం ఆలోచిస్తాను? సంక్రాంతి అయిన మర్నాడే విశాఖలో రైలెక్కాను.

మొదటి రోజు

బాబాయిది శ్రీకాకుళం వైపు ఊరు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో ఎలక్ట్రికల్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆ ఊళ్లో ఆయనలాంటి తెలుగువాళ్లు చాలామంది. తాతల కాలంలో రైల్వే పనికని వచ్చి అక్కడే స్థిరపడిపోయారు. పిన్ని పెట్టిన ఉప్మా తిని, ఆవిడ బలవంతం మీద ఇద్దరం మంకీ క్యాపులు పెట్టుకుని హౌరా లోకల్ ఎక్కాం. రెండున్నర గంటల ప్రయాణం. దారిపొడుగునా మంచు.

హౌరాలో దిగ్గానే బ్రిడ్జి మీదికి నడిచాం. నా కళ్లు పట్టాల కోసం వెతికాయి. "లేవమ్మా, 1993లోనే తీసేశారు. బ్రిడ్జికి బరువని" అన్నాడు బాబాయి. 1943లో ఈ బ్రిడ్జి తెరిచినప్పుడు దీన్ని అందరికంటే ముందు దాటిన బండి ఒక ట్రామే. అప్పుడు బరువు కానిది యాభై ఏళ్లకు బరువైంది. నేను పడవలు చూసిన చోటు ఎక్కడుంటుందో అని రెయిలింగ్ పక్కన కాసేపు నిలబడ్డాను. వెనక బస్సులు, లారీలు, నెత్తిన గంపలతో కూలీలు. కాళ్ల కింద బ్రిడ్జి సన్నగా వణుకుతూనే ఉంది.

సాయంత్రం ఎస్ప్లనేడ్ డిపోకి వెళ్లాం. అక్కడ 1938 నాటి ట్రామునొకదాన్ని 'స్మరణిక' పేరుతో 2014లో మ్యూజియం చేశారు. ఒక పెట్టెలో టీ, బిస్కెట్లు అమ్ముతారు. రెండో పెట్టెలో పాత టికెట్లు, పాసులు, కండక్టర్ల టోపీలు, బిళ్లలు పెట్టారు. చూడటానికి బాగానే ఉంది. నాకు మాత్రం ఇంట్లో మనిషి బతికుండగానే ఫోటోకి దండ వేసినట్టనిపించింది. ఎందుకంటే అద్దం బయట, పదడుగుల దూరంలో, అసలు ట్రాము గంట కొట్టుకుంటూ మలుపు తిరుగుతోంది.

టీ తాగుతూ బాబాయి ఆ గోడ మీద రాసి ఉన్న చరిత్రంతా చదివి వినిపించాడు. 1873 ఫిబ్రవరి 24న సియాల్దా నుంచి అర్మేనియన్ ఘాట్ దాకా గుర్రాలు లాగే ట్రాము మొదలైంది. జనం ఎక్కక ఆ నవంబరులోనే ఆగిపోయింది. మళ్లీ 1880లో కలకత్తా ట్రామ్‌వేస్ కంపెనీ పెట్టి నడిపారు. ఆ శతాబ్దం చివరికి కంపెనీ దగ్గర వెయ్యి గుర్రాలుండేవట. కరెంటు బండి 1902 మార్చి 27న ఎస్ప్లనేడ్ నుంచి ఖిదిర్‌పూర్‌కి నడిచింది. "ఆసియాలోనే మొదటి కరెంటు ట్రాము" అని ఆ ఊరివాళ్లలాగే బాబాయి కూడా గర్వంగా చెప్పాడు. నేను ఊరుకోలేకపోయాను. మద్రాసులో కరెంటు ట్రాము 1895 మే నెలలోనే తిరిగింది. మా తాతగారు అక్కడ చదువుకునే రోజుల్లో రోజూ ఎక్కేవారు. మద్రాసువాళ్లు 1953 ఏప్రిల్‌లో దాన్ని మూసేశారు, కంపెనీ దివాలా తీసిందని.

"1953 అంటే ఇక్కడ గొడవలైన ఏడాదే కదా" అన్నాడు బాబాయి. నిజమే. ఆ జూలైలో ట్రాము సెకండ్ క్లాసు టికెట్ ఒక్క పైసా పెంచారని కలకత్తా అట్టుడికిపోయింది. హర్తాళ్లు, లాఠీలు, కాల్పులు, తగలబడిన ట్రాములు. చివరికి ఆ పైసా వెనక్కి తీసుకోక తప్పలేదు. ఒకే ఏడాది ఒక ఊరు ట్రామును వదిలేసుకుంది, ఇంకో ఊరు దాని కోసం ఒక్క పైసా దగ్గర ప్రాణాల మీదికి తెచ్చుకుంది. అలాంటి ఊళ్లో మేం వెళ్లేసరికి మిగిలిన రూట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

రెండో రోజు

ఈ రోజంతా 5వ నంబరు. శ్యాంబజార్ నుంచి ఎస్ప్లనేడ్. పొద్దున్నే శ్యాంబజార్ వెళ్లి అక్కడి నుంచే ఎక్కాం. ట్రాముకి రెండు పెట్టెలు. ముందుది ఫస్ట్ క్లాసు, వెనకది సెకండ్ క్లాసు. ఫస్ట్ క్లాసుకి ఉన్న గొప్పతనం ఫ్యాన్లు, అంతే. టికెట్ ఏడు రూపాయలు. కండక్టర్ నోట్లన్నీ నిలువుగా మడిచి ఎడమచేతి వేళ్ల మధ్య విసనకర్రలా పెట్టుకున్నాడు. పది రూపాయల నోటు ఒక వేలి సందులో, ఇరవైది ఇంకో సందులో. బండి ఎంత ఊగినా ఒక్క నోటు జారదు. టికెట్ పల్చటి కాగితం, బొటనవేలంత వెడల్పు. బాబాయి రెండు టికెట్లూ తీసుకుని కళ్లజోడు పెట్టెలో దాచాడు.

డ్రైవర్ వెనక తలుపు తెరిచే ఉంది. బాబాయి వెళ్లి "దాదా, మా అమ్మాయి చూస్తుందట" అని బెంగాలీలో అడిగితే ఆయన నవ్వి కొంచెం పక్కకు జరిగాడు. ఎడమ చేతి కింద అరిగి మెరుస్తున్న ఇత్తడి పిడి. దాన్ని ఒక్కో గాడి తిప్పేకొద్దీ మోటారుకి కరెంటు పెరుగుతుంది. కాలి కింద గంట. హారన్ లేదు. స్టీరింగ్ అసలే లేదు. ముందు అడ్డమొచ్చిన రిక్షాని, సైకిల్‌ని, నిమ్మకాయలు పరుచుకున్న ముసలమ్మని తప్పుకోమని బతిమాలడానికి ఆయన దగ్గరున్నది ఆ గంట ఒక్కటే.

హాతీబగాన్ సంత దాటాం, హెదువా చెరువు దాటాం. ఎక్కడ చూసినా ఆకుపచ్చ చెక్క కిటికీల పాత ఇళ్లు, వసారాల్లో ఆరేసిన శాలువాలు. కాలేజ్ స్ట్రీట్ వచ్చేసరికి రెండు పక్కలా పుస్తకాలే. మా అమ్మమ్మ, అమ్మ తెలుగులోకి వచ్చిన బెంగాలీ నవలలు చదివి ఏడ్చిన తరం. ఆ నవలల్లో మనుషులు తిరిగిన వీధులు ఇవే కదా అని కిటికీకి ముఖం ఆనించి కూచున్నాను. బస్సులో అయితే ఈ వీధి కనబడదు, దాటిపోతుంది. ట్రాములో దుకాణం బోర్డు చదివేంత టైముంటుంది. 2020లో ఈ రూట్లోనే ఒక ట్రాములో పుస్తకాలు పెట్టి లైబ్రరీలా నడిపారట. కాలేజ్ స్ట్రీట్ మీదుగా వెళ్లే బండికి అంతకన్నా తగిన పని ఇంకోటి లేదు.

బవ్‌బజార్ దాటాక ఆగిపోయాం. ముందు పట్టాల మీద ఒక మినీ వ్యాన్ ఆపి పంచదార బస్తాలు దించుతున్నారు. డ్రైవర్ గంట కొట్టాడు. వాళ్లు చెయ్యి ఊపారు. మళ్లీ కొట్టాడు. వెనక కార్ల హారన్లు మొదలయ్యాయి. తిట్లన్నీ ట్రాముకే. "ఈ ట్రాముల వల్లే ట్రాఫిక్" అని ఒక స్కూటరాయన మా కిటికీ కేసి అరిచాడు. అడ్డం పెట్టింది వ్యాను, పేరు పోయింది ట్రాముది. బస్సయితే పక్కనుంచి కోసుకుని పోయేది. ట్రాము పోలేదు, పట్టా ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికే. ఆఖరి బస్తా దిగేదాకా ఇరవై నిమిషాలు పట్టింది. ఈలోపు మా పెట్టెలోంచి ఆరుగురు దిగి నడుచుకుంటూ వెళ్లిపోయారు. జనం ట్రాము ఎక్కడం మానేశారని అంటారు. ఎలా మానేశారో నేను కళ్లారా చూశాను.

వెల్లింగ్టన్ మలుపులో ఇంకో సంగతి జరిగింది. టక్కుమని ఫ్యాన్లు ఆగిపోయాయి. బండి రెండు గజాలు జారి నిలబడింది. అంత రద్దీలోనూ పెట్టె లోపల నిశ్శబ్దం. "కడ్డీ జారింది" అన్నాడు బాబాయి, లేచి నిలబడి. ట్రాము నెత్తిన ఒక పొడుగాటి కడ్డీ ఉంటుంది. కింద స్ప్రింగులు దాన్ని ఎప్పుడూ పైకి తంతూ ఉంటాయి, కొసనున్న గాడి వైరుని పట్టుకుని జారుతూ పోతుంది. వైర్లు విడిపోయే చోట ఒక్కోసారి ఆ గాడి తప్పుతుంది. కండక్టర్ దిగి, కడ్డీకి కట్టిన తాడు పట్టుకున్నాడు. తల పైకెత్తి, కళ్లు చిట్లించి, కడ్డీని కిందికి లాగి, ఎడమకి, కొంచెం కుడికి, మళ్లీ ఎడమకి. గాలిపటం ఎగరేసే పిల్లాడు దారం ఎలా ఆడిస్తాడో అలాగే ఉంది ఆ చెయ్యి. మెల్లగా వదిలాడు. చిట్‌మని నీలం నిప్పురవ్వ. ఫ్యాన్లు తిరిగాయి. మొత్తం నిమిషం కూడా కాలేదు.

"ఐదువందల యాభై వోల్టులు, డీసీ" అన్నాడు బాబాయి. "వైరులోంచి వస్తుంది, మోటారు తిప్పుతుంది, చక్రాల్లోంచి పట్టాలోకి దిగి వెనక్కి పోతుంది. పొగ లేదు, టైరు లేదు. ముప్ఫై ఏళ్లు కరెంటు పనే చేశాను అమ్మలూ, ఇంత సుళువైన బండి ఇంకోటి చూళ్లేదు."

మళ్లీ శ్యాంబజార్ వెళ్లాం. మళ్లీ వచ్చాం. మూడోసారి వచ్చేసరికి కండక్టర్ మారాడు, అయినా మా గురించి విన్నాడేమో "ఆంధ్రా దాదా" అని పలకరించాడు. రాత్రి మట్టి ముంతలో టీ, కొత్త ఖర్జూర బెల్లంతో చేసిన సందేశ్ మిఠాయి. ఆ బెల్లం చలికాలంలోనే దొరుకుతుంది. మన తాటిబెల్లానికి అక్కలాంటి రుచి.

మూడో రోజు

25వ నంబరు, గడియాహాట్ నుంచి ఎస్ప్లనేడ్. గడియాహాట్ డిపోలో బయల్దేరి బాలీగంజ్ ఫాడీ, పార్క్ సర్కస్, మల్లిక్‌బజార్, నోనాపుకుర్ మీదుగా ఇలియట్ రోడ్డు పట్టుకుంటుంది. ట్రాములకి రిపేర్లు, పెట్టెలు కట్టడం అన్నీ నోనాపుకుర్ వర్క్‌షాప్‌లోనే. గేటు బయట నుంచి చూశాం. వర్క్‌షాప్ మనిషి కదా, బాబాయి ఆ రేకుల షెడ్డు కేసి కదలకుండా చూస్తూ ఉండిపోయాడు. లోపల ఎవరో ఇనుము మీద సుత్తితో కొడుతున్నారు. "బండి రిపేరు చేసేవాడు ఒక్కడున్నా అది బతికే ఉన్నట్టు" అన్నాడు.

పార్క్ సర్కస్ దగ్గర ఒక ముస్లిం పెద్దావిడ మనవడితో ఎక్కింది. పిల్లాడి బడికి ఆటోలో పోతే డబ్బులెక్కువ, బస్సులో తోపులాట, అందుకే ట్రామట. దిగేటప్పుడు చూడాలి. ట్రాము రోడ్డు మధ్యలో ఆగింది. ఎడమపక్క నుంచి ఆటోలు, బైకులు ఆగకుండా దూసుకుపోతున్నాయి. ఆవిడ ఒక చేత్తో పిల్లాడి జబ్బ, ఇంకో చేత్తో చీర కుచ్చిళ్లు పట్టుకుని మెట్టు మీదే నిలబడిపోయింది. కండక్టర్ ముందు తను దిగి, రెండు చేతులూ చాచి బండ్లని ఆపితే గానీ వాళ్లు ఫుట్‌పాత్ చేరలేదు. నాకే టెన్షన్‌తో అరచేతులు చెమటలు పట్టాయి.

ఇది ముందునుంచీ ఇలా లేదు. ఒకప్పుడు చాలా రోడ్లలో ట్రాము పట్టాలు మధ్యలో ఎత్తుగా, గడ్డితో, విడిగా ఉండేవి. వాటి మీదికి కార్లు రావడానికి వీల్లేదు. ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు నిలబడటానికి చోటుండేది. 2000 తర్వాత పట్టాల చుట్టూ కాంక్రీటు పోసి రోడ్డుకి సమం చేశారు. కార్లకి దారి పెరిగింది. ట్రాముకి తన దారంటూ లేకుండా పోయింది. నా దృష్టిలో ట్రాము చావు మొదలైంది ఆ కాంక్రీటుతోనే. మెట్రో తవ్వకాలని కొన్ని రూట్లు, బ్రిడ్జిలు బలహీనమయ్యాయని కొన్ని, ఆ తర్వాత ఆగాయి.

నాలుగో రోజు

టాలీగంజ్ నుంచి బాలీగంజ్. చిన్న రూటు. రాస్‌బిహారీ అవెన్యూ మీద పోతుంటే దేశప్రియ పార్క్ దగ్గర బాబాయి టోపీ తీశాడు. ఇక్కడే 1954 అక్టోబరు 14 సాయంత్రం కవి జీవనానంద దాస్ రోడ్డు దాటుతూ ట్రాము కింద పడ్డాడు. ఎనిమిది రోజులకు ఆసుపత్రిలో పోయాడు. బాబాయి కవిత్వం చదివే మనిషి కాదు. కానీ ఖరగ్‌పూర్‌లో పక్క క్వార్టర్ మాస్టారు ఈ సంగతి ఎప్పుడో చెప్పారట. ఈ దారిన వెళ్లినప్పుడల్లా టోపీ తీయడం అలవాటైందట. నత్తనడక బండి అని మనం అనుకునే ట్రామే ఆయన్ని తీసుకెళ్లింది. అయినా బెంగాలీలకి ట్రాము మీద కోపం రాలేదు. ఆయన పేరు, ట్రాము పేరు కలిపే తలుచుకుంటారు.

ఆ సాయంత్రం బాబాయికి మోకాళ్లు నొప్పి చేసి లాడ్జిలోనే ఉండిపోయాం. పిన్నికి ఫోన్లో మాత్రం ఆ సంగతి చెప్పలేదు.

ఐదో రోజు

మధ్యాహ్నం లోకల్‌కి తిరిగి వెళ్లాలి. పొద్దున్న మిగిలిన టైములో ఖిదిర్‌పూర్ లైను చూద్దామన్నాడు బాబాయి. 36వ నంబరు. 1902లో మొట్టమొదటి కరెంటు ట్రాము నడిచిన దారి. 'మైదానం' అని పిలిచే ఊరి నడిబొడ్డు పచ్చిక బయలు పక్కన, పెద్ద చెట్ల కింద నుంచి పోయేది. కలకత్తా అంతటిలో అందమైన లైను ఇదేనని చూసినవాళ్లందరూ చెప్పేమాట. 2020 మే నెలలో అంఫన్ తుపానుకి చెట్లు విరిగి వైర్ల మీద పడ్డాయి. ఆ రోజు ఆగిన బండి మళ్లీ నడవలేదు.

మంచు ఇంకా విడలేదు. గడ్డిలో పట్టాలు కనబడుతున్నాయి, తుప్పు పట్టి ఎర్రగా. నడిచే లైనులో పట్టా పైభాగం వెండిలా మెరుస్తుంది, ఈ నాలుగు రోజులూ చూశాను కదా. ఇక్కడ ఆ మెరుపు లేదు. ఒకచోట పట్టాల మధ్య మేకలు మేస్తున్నాయి. పిల్లలు స్తంభాన్ని వికెట్ చేసుకుని క్రికెట్ ఆడుతున్నారు.

బాబాయి మాత్రం కిందికి చూడటం లేదు. తల పైకెత్తి స్తంభం నుంచి స్తంభానికి నడుస్తున్నాడు. "ఇక్కడ ఉంది... ఇక్కడా ఉంది... ఇదిగో, ఇక్కడ లేదు." వైరు ఉన్నచోట ఆగుతున్నాడు, లేనిచోట గబగబా నడుస్తున్నాడు. అలా అర కిలోమీటరు వెళ్లాక ఒక చెట్టు మొదట్లో కూచుని, జేబులోంచి మరమరాల పొట్లం తీసి నాకు సగం పెట్టాడు. "ఈ మాత్రం వైరు లాగడానికి మా గ్యాంగు అయితే వారం చాలు" అన్నాడు.

హౌరాకి బస్సులో వెళ్లాం. బ్రిడ్జి మీద ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఆ తర్వాత

మేము వచ్చిన నెలకి, 2023 ఫిబ్రవరి 24న, ట్రాముకి నూట యాభై ఏళ్లు నిండాయి. రంగులు వేసి, పూలు కట్టి ఊరేగించారు. మెల్బోర్న్ నుంచి ట్రాము అభిమానులు కూడా వచ్చారు. బాబాయి టీవీలో చూసి ఫోన్ చేసి, డ్రైవర్ వేసుకున్న కొత్త టోపీ రంగు దగ్గర్నుంచి చెప్పాడు.

2024 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. నగరంలో రోడ్లు ఆరు శాతమేననీ, ట్రాముల వల్ల ట్రాఫిక్ ఆగుతోందనీ, అందుకని మైదానం, ఎస్ప్లనేడ్ మధ్య ముచ్చటకి ఒక ముక్క ఉంచి మిగతావన్నీ ఆపేస్తామనీ. ట్రాము ప్రేమికులు అప్పటికే హైకోర్టుకెక్కారు. నేను ఆ వార్త చదివి, బాబాయికి చెప్పాలా వద్దా అని ఒక పూటంతా ఆగాను. ఆయనకి ముందే తెలుసు.

"మన టికెట్లు ఉన్నాయా బాబాయ్?" అని అడిగాను.

"కళ్లజోడు పెట్టెలోనే ఉన్నాయి. మొత్తం పద్దెనిమిది."

కాసేపాగి మళ్లీ అన్నాడు: "మన క్వార్టర్స్ కుర్రాడు రోజూ శ్యాంబజార్ వైపు డ్యూటీకి వెళ్తాడు. వాడికి ఒకటే చెప్పాను. పట్టాల మీద తారు పోస్తే పోయనీ, తవ్వుకోవచ్చు. వైరు దించారా లేదా, అది మాత్రం రోజూ చూసి చెప్పమన్నాను."